గాల్లో నలభై నిమిషాలు

ఆమెను వీధిలో అందరూ టేపు పిన్ని అనేవారు. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. మనిషిని చూడగానే నడుము కొలత చెప్పేది కానీ, నిచ్చెన ఎక్కాలంటే కాళ్ళు వణికేవి. అలాంటిది విమానం ఎక్కింది.

అక్కకు గుండె ఆపరేషన్. "చెల్లి వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ లోపలికెళ్ళను" అని అక్క మొండికేసింది. పదకొండింటికి తీసుకెళ్ళాలి. ఆ వేళ దాటితే డాక్టరు మళ్ళీ వారానికి గానీ దొరకడు. ఆ గుండె అంతవరకూ నిలుస్తుందని ఎవరూ పూచీ పడలేదు.

"గాల్లో నలభై నిమిషాలేనమ్మా" అన్నాడు టిక్కెట్లమ్మే ఆయన, గోడ మీది పటం చూపిస్తూ. పిన్ని టేపు తీసి రెండు ఊళ్ళ మధ్య పరిచింది. జానెడు కూడా లేదు. తొమ్మిదింటికి ఎగిరితే ఇంకేం! "పదింటికల్లా నీ మంచం దగ్గరుంటా" అని అక్కకు మాటిచ్చేసింది.

నలభై నిమిషాలూ అయిపోయాయి. విమానం దిగలేదు. కిటికీలో కనబడ్డ చెరువు అవతలి పక్కకు పోయి, మళ్ళీ ఇటే వచ్చింది.

"దారి తప్పాడండీ!" అంది పిన్ని పక్క సీటాయనతో.

"గాల్లో దారెక్కడుందమ్మా తప్పడానికి? గాలి తిరిగింది. రన్‌వే అవతలి కొస నుంచి దించాలని చుట్టు తిప్పుతున్నాడు."

"ఎంతసేపు?"

"నడిపేవాడి చేతిలో ఉంది."

"దేవుడి చేతిలో అంటారేమో అనుకున్నా."

"ప్రస్తుతానికి వీడి చేతిలోనే."

పిన్ని టేపును పిడికిలికి బిగించి చుట్టుకుంది. బట్ట కత్తిరించేటప్పుడు కుట్లకూ మడతలకూ వదలడం చేతికి అలవాటే. దారి కొలిచినప్పుడు మాత్రం ఒక్క అంగుళం వదల్లేదు.

దిగి బయటపడేసరికి పదీ ముప్పావు. బయటి మెట్ల మీదే బావకు ఫోన్ చేసింది.

"వచ్చేశా బావా!"

"ఎక్కడికొచ్చావే? అక్కణ్ణుంచి ఆసుపత్రికి గంటన్నర."

ఆ దారి టిక్కెట్లో ఉండదు. అమ్మేవాడికి లాభం లేని దూరం గురించి ఎవడు చెబుతాడు?

"అక్కకివ్వు... అక్కా, నేను అందుకోలేనే. పైన గిరగిరా తిప్పుతుంటే చచ్చాననే అనుకున్నా. ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో ప్రాణం పెట్టి కూర్చున్నానే."



"పిరికిదానా, నిజంగా ఎక్కావా?"

"ఎక్కా. దించాడే, అక్కా."

"అయితే ఫోన్ పెట్టెయ్యకు. తలుపు దాకా మాట్లాడు."

మంచం చక్రాలు కిర్రుమంటున్నాయి. పిన్ని ఏదేదో మాట్లాడుతూనే ఉంది: నిన్న కుట్టిన జాకెట్టు, తెగిన దారం, నోటికొచ్చిందల్లా.

"ఒసేయ్, ఈ డాక్టరు నన్నూ దించుతాడంటావా?"

"దించుతాడే."

తలుపు మూసుకున్న చప్పుడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు టాక్సీవాడు. ఆసుపత్రి పేరు చెప్పి, పిన్ని టేపును మళ్ళీ పిడికిలికి చుట్టుకుంది.