గుండ్రటి పిన్ను కీబోర్డు

వినుకొండలో నేను టైపింగ్ నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ మూసేస్తూ మా మాస్టారు నాకొక కీబోర్డు ఇచ్చారు. దాని తీగ చివర ఊదారంగు గుండ్రటి పిన్ను, లోపల సన్నటి సూదులు. కాస్త వంకరగా తోస్తే సూది వంగుతుంది. పిన్నీసుతో మెల్లగా నిలబెట్టుకోవాలి. పైగా కంప్యూటరు ఆన్ చేయకముందే గుచ్చాలి. ఆన్ చేశాక గుచ్చితే కంప్యూటరు దాన్ని గుర్తుపట్టదు, ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఇన్ని పేచీలున్నా దాని మీటలు లోతుగా దిగుతాయి, నా వేళ్ళకు చూడకుండానే అందుతాయి.

టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష పిలుపు వచ్చింది. అభ్యర్థులు సొంత కీబోర్డు తెచ్చుకోవచ్చని అందులో ఒకే ఒక వాక్యం. ఏ పిన్నుదో రాయలేదు. ఆ ఉద్యోగం వస్తే గుంటూరులో హాస్టల్లో ఉండి నా జీతంతో నేను బతకవచ్చు. రాకపోతే వేసవంతా మళ్ళీ మిరప కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరడమే.

మా తమ్ముడు నా సంచీలోకి తొంగిచూశాడు.

"ఏందక్కా, ఇంకా ఇదేనా? యూఎస్‌బీది కొనుక్కో. పెట్టగానే పనిచేస్తుంది."

"మొన్న నువ్వు మూడుసార్లు అటూ ఇటూ తిప్పితేగాని దూరలేదుగా."

"తిప్పితే తిప్పాను, వచ్చిందిగా. నీదానికైతే కంప్యూటర్ని పడుకోబెట్టి లేపాలి."

నేను వినలేదు. పరీక్ష హాల్లో అడుగుపెట్టగానే వినకపోవడమే మంచిదైందనుకున్నాను. ఎవరైనా పెన్ డ్రైవ్ పెడతారన్న భయంతో యూఎస్‌బీ రంధ్రాలన్నిటికీ టేపు వేసి, దానిమీద ముద్ర కొట్టారు. కొత్త కీబోర్డులు తెచ్చుకున్నవాళ్ళు గొణుక్కుంటూ వాటిని బల్లల కింద పెట్టి, హాల్లో ఉన్న పాత కీబోర్డుల ముందే కూర్చున్నారు. నేను మాత్రం లోలోపల పొంగిపోతూ హాలువాళ్ళ గుండ్రటి పిన్ను పీకి నాది గుచ్చాను.

ఆ సంబరంలో చూసుకోలేదు, కంప్యూటర్లన్నీ అప్పటికే ఆన్ చేసి ఉన్నాయి.

అందరికీ ఒకేసారి పది నిమిషాల గడియారం మొదలైంది. చుట్టూ మీటల చప్పుడు. నా తెరమీద ఒక్క అక్షరం పడలేదు. హాలువాళ్ళది తిరిగి గుచ్చాను, అదీ పలకలేదు. ఏం చేయాలో నాకు తెలుసు. అడగడమే చేతకాలేదు. "సార్" అన్నాను, నాకే వినపడలేదు. చెయ్యి చెవిదాకా ఎత్తి, జుట్టు సర్దుకున్నట్టు దించేశాను. నాలుగు నిమిషాలు అలాగే పోయాయి. చివరికి పక్క కుర్చీలో అమ్మాయే టైపు చేస్తూ అరిచింది.

"సార్, ఈ అమ్మాయిది పనిచేయట్లేదండి."

ఇన్విజిలేటర్ వచ్చి పిన్ను పీకి గుచ్చాడు, పీకి గుచ్చాడు.

"రీస్టార్ట్ చేయాలి సార్."

"ఎందుకమ్మా? మా ఇంట్లోది పెట్టగానే వస్తుందే."

"అది వేరే పిన్ను సార్."

"కీబోర్డుల్లో వేరే ఏంటమ్మా," అంటూనే రీస్టార్ట్ చేశాడు. తెర వెలిగేసరికి మూడు నిమిషాలు మిగిలాయి. ఒక్క తప్పు లేకుండా కొట్టాను. సగం పేజీ కూడా కాలేదు. ఫలితాల జాబితాలో నా నంబరు లేదు.

ఆ కోపం దేని మీద చూపించాలో నాకిప్పటికీ తెలియదు. సూదుల మీదా, టేపు మీదా, నా గొంతు మీదా? డైరీలో మూడు రోజులు మూడు రకాలుగా రాసుకున్నాను.

మొన్న మళ్ళీ పిలుపు వచ్చింది. మళ్ళీ అదే వాక్యం. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని ఆఫీసుకు ఫోను చేశాను.

"గుండ్రటి పిన్నుదా అండి, యూఎస్‌బీదా?"

"ఏదైనా కీబోర్డే కదమ్మా."

"కాదండి. హాల్లో ఏది పనిచేస్తుందో చూసి చెప్పండి."

ఫోనెత్తిన గుమాస్తా విసుక్కుంటూ దాన్ని బల్లమీద పెట్టాడు. "ఒరేయ్, ఆ కంప్యూటరు వెనక్కి తిప్పి చూడరా. ఈవిడెవరో పెళ్ళిచూపుల్లోలాగా అన్నీ అడుగుతోంది," అన్నమాట నాకు స్పష్టంగా వినపడింది. కాసేపటికి తిరిగి వచ్చాడు.

"రెండూ ఉన్నాయమ్మా. ఏ రంధ్రానికి టేపు వేయకుండా ఉంచుతారో ఆ రోజే తెలుస్తుంది. రెండూ తెచ్చుకోండి."

"సరేనండి. కంప్యూటర్లు ఆన్ చేయకముందే లోపలికి రానిస్తారా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, ఫోనూ పెట్టలేదు. జవాబు చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ అడిగాను.