రెండో నోటు రాయలేదు

ఈ రోజు గురజాలలో ఒక ప్రామిసరీ నోటు వెనక బాకీ చెల్లయిందని రాయడానికి నన్ను పిలిచారు. ఏసోబు అనే రైతు బాకీని అప్పుల చట్టం కింద కోర్టు సగానికి తగ్గించి వాయిదాలు పెట్టింది. ఆఖరి వాయిదా ఈ ఉదయం కట్టాడు. నేను చెల్లు రాశాను, షావుకారు సంతకం చేశాడు. వెంటనే ఆయన జేబులోంచి స్టాంపు అంటించిన కొత్త కాగితం తీశాడు.

“ఒంటెద్దుతో ఎన్నాళ్లు అవస్థపడతావురా? రెండో ఎద్దుకు డబ్బిస్తా. రాసే ఆయన ఇక్కడే ఉన్నాడు, రాయించెయ్.”

ఏసోబు కాదనలేదు. కాగితం వైపే చూస్తూ బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు.

“వేలెందుకు తుడుస్తున్నావయ్యా?” అంది అతని భార్య మార్తమ్మ. “కోర్టు సగమే తగ్గిచ్చింది. మిగతా సగానికి మూడేళ్లు కూలికి పోయి మిరపకాయలు కోశా. మా అన్న ఎద్దును జత కట్టుకుందాం, పద.”

ఆ మాటంటూనే నా సిరాబుడ్డికి మూత బిగించింది.

“చానా గట్టిదిరా నీ పెళ్లాం!” అన్నాడు షావుకారు.

“గట్టిది గాబట్టే మీ బాకీ తీరింది బాబూ,” అని ఏసోబు లేచాడు.

రెండో నోటుకు రావలసిన రాతకూలి నాకు పోయింది. ఇలా పోగొట్టుకున్న రాతగాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి. నాకైతే ఇదే మొదటిసారి.