మావయ్య జేబులో సుద్దముక్క

పోయిన ఆదివారం పొద్దున మా పక్కింటి మావయ్య పోయాడు. టీలో పంచదార తక్కువైందని అత్తతో తగువు పెట్టుకుని, వరండాలో కుర్చీలో అలాగే వాలిపోయాడట. నేను బాగా ఏడ్చాను. ఏడుస్తూనే వచ్చినవాళ్లకి ఆయన కథలు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన గురించి మెల్లగా, దిగులుగా మాట్లాడడం నా వల్ల కాదు. మీకూ ఒకటి చెబుతాను, వినండి.

మావయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మాలాగే తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. అందరి జేబుల్లో పెన్నుంటే ఆయన జేబులో సుద్దముక్క ఉండేది. దెబ్బతిన్న వ్యాగన్‌ని విప్పేముందు ఏది ఎక్కడుందో సుద్దతో గీయడం ఆయనకి అలవాటు. "ముందు గుర్తెట్టు, తర్వాత ముట్టు" అనేవాడు. ఇంట్లో బీరువా జరపాలన్నా గీతే! తడిగుడ్డతో తుడవలేక అత్త సణిగేది: "ఈయన పెళ్లాడింది నన్ను కాదమ్మా, సుద్దముక్కని!"

నాలుగేళ్ల కిందట ఝపటాపూర్‌లో, మావయ్య టీ తాగే కొట్టు ఎదురుగానే నా బైకుని వ్యాను గుద్దింది. ఎదురుగా వస్తున్నది సందులోకి తిరగాలన్న తొందరలో నా వైపుకి వచ్చేసింది. కాలు రెండు చోట్ల విరిగింది. మావయ్య పరుగెత్తుకొచ్చి, నలుగురి సాయంతో నన్ను టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించాడు. తను మాత్రం ఎక్కలేదు. టోటో కదులుతుంటే చూశాను కదా, రోడ్డు మీద వంగి వ్యాను చక్రాల చుట్టూ గీతలు గీస్తున్నాడు! అంత నొప్పిలోనూ ఒళ్లు మండిపోయింది. ఆయన ఆస్పత్రికి వస్తే మొహం గోడకి తిప్పుకునేవాణ్ని. ఆయన తెచ్చిన బత్తాయిలు మాత్రం తినేవాణ్ని, అది వేరే సంగతి.

అసలు కథ తర్వాత తెలిసింది. పోలీసులు వచ్చేలోపే డ్రైవరు వ్యానుని వెనక్కి తీసి తన వైపు పెట్టుకున్నాడు. నేనే అడ్డంగా వచ్చానని చెప్పాడు. తప్పు నాదని తేలితే క్లెయిమ్ కేసులో నాకేమీ రాదు. ఆ డబ్బుతో రెండో ఆపరేషన్ జరగకపోతే కర్ర లేకుండా నడవలేను, నిమ్‌పురా రైల్వే యార్డులో పని ఎలాగూ పోయింది. నా తరఫున మిగిలింది మావయ్య గీతలూ, టీ కొట్టు దగ్గరున్న ఒక తెలుగు స్టూడెంటు అమ్మాయి చేత ఆయన తీయించిన ఒక్క ఫోటో. ఫోటో తీసేసరికే వ్యాను వెనక్కి పోయింది. నేను వెళ్లే వైపున ఉన్న గీతలు మాత్రమే పడ్డాయి.

మేదినీపూర్ కోర్టులో మావయ్య ఇస్త్రీ చొక్కాతో సాక్షి బోనెక్కాడు. ఇన్సూరెన్స్ లాయరు ఫోటో ఊపుతూ, "ఈ గీతలు తర్వాత ఎప్పుడైనా గీసి ఉండొచ్చు కదా?" అన్నాడు. మావయ్య కళ్లజోడు సర్దుకుని "దేఖున్ స్యార్", చూడండి సార్, అని బెంగాలీలో మొదలుపెట్టి, ఆవేశంలో మన మాటలోకి దిగిపోయాడు.

"గీతల మజ్జిన నల్లగా ఉన్నది ఏటి? గుద్దినప్పుడు వ్యాను నుంచి కారిన నూనె. బండిని ఎనక్కి తీసీసినాడు. నూనెని తీసీగలడేటి?"

నేను ఎగిరినంత పనిచేసి మా లాయరు దీదీకి అర్థం చెప్పాను, ఆవిడ జడ్జిగారికి చెప్పింది. జడ్జిగారు ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. ఇన్సూరెన్స్ లాయరు కూర్చున్నాడు. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ ఈల వేయాలనిపిస్తుంది! తప్పు నాది కాదని తీర్పులో రాశారు. ఇవాళ నేను కర్ర లేకుండా నడుస్తున్నాను.

ఆయన సాక్ష్యం చెప్పిన రోజే కోర్టు బయట అడిగాను. "ఆస్పత్రికి నాతో ఎందుకు రాలేదు మావయ్యా?"

"నీ ఎనకాల రాడానికి పదిమందున్నార్రా. గీతకి నానొక్కడినే ఉన్నాను" అన్నాడు.

మొన్న ఆదివారం, ఆయన్ని లోపల పడుకోబెట్టాక, చోటు చాలక ఎవరో వరండాలో కుర్చీ ఎత్తబోయారు. "ఆగండి" అని అరిచాను. ఆయన చొక్కా జేబులోంచి సుద్ద తీసి, రాడ్డు వేసిన కాలు మడతపడక ఒక పక్కకి కూలబడి, కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ గీశాను. కింద విడిచిన చెప్పుల చుట్టూ గీశాను. అప్పుడు తీయమన్నాను.

అత్త ఇప్పటికీ రోజూ వరండా తుడుస్తుంది. తడిగుడ్డ ఆ గీతల దాకా వచ్చి, వాటి చుట్టూ తిరిగి పోతుంది.