ఆకుపచ్చ మూత

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డులో చెన్నప్ప పంక్చరు అంగడి, దానికెదురుగా నా టీకొట్టు. ఇరవై రెండేళ్లలో చెన్నప్ప గాలికి పైసా తీసుకోవడం నేను చూడలేదు. పంక్చరుకే కూలి. గాలి పట్టాక ఇనుపకడ్డీతో ఒక్కో టైరునూ కొట్టి, చప్పుడు విని, "పోప్పా" అనేవాడు. ఆ మాట వినందే టమోటా బండ్ల డ్రైవర్లు కదిలేవాళ్లు కారు.

నిరుడు పక్కనున్న పెట్రోలు బంకులో టైర్లకు నైట్రోజన్ పట్టే మిషను పెట్టారు. టైరుకింతని డబ్బు, గుర్తుగా వాల్వుకు ఆకుపచ్చ మూత. మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైగా అదేనని బడికి పోయిన ప్రతివాడికీ తెలుసు. అయినా బారులు తీరారు. నైట్రోజన్ నెమ్మదిగా దిగుతుందన్నది నిజమే. ఇక టైరు వంక చూడనక్కర్లేదన్నది మాత్రం వీళ్లు కల్పించుకున్నదే.

కుప్పానికి టమోటా తోలే మునిచంద్ర కూడా ఆ మూతలు పెట్టించాడు. అలవాటుగా చెన్నప్ప కడ్డీ తీసుకుని పోతే, "దీనికి నీ కడ్డీ పనిలేదులే అన్నా" అని నలుగురిలో నవ్వాడు. చెన్నప్ప ముఖం మాడిపోయింది. ఆనాటి నుంచి ఆకుపచ్చ మూతున్న బండిని కడ్డీతో ముట్టలేదు.

పోయిన నెల ఒక పొద్దున మునిచంద్ర నా కొట్టు ముందు బండి ఆపి టీ తాగుతున్నాడు. చెన్నప్ప వచ్చి బండి చుట్టూ తిరిగాడు. వెనక టైరు దగ్గర వంగి లోపక్కకు చూశాడు. మూత వంక చూశాడు. ఏమీ అనకుండా పోయి తన స్టూలు మీద కూర్చున్నాడు. ఏముందని నేనూ అడగలేదు. వాళ్లిద్దరి పంతం నాకు కాలక్షేపంగా ఉండేది. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

కుప్పం ఇంకా కొద్ది దూరముందనగా ఆ టైరే పేలింది. బండి బోల్తాపడింది. మునిచంద్ర కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఆస్పత్రికి బస్సులో నన్నూ వెంట తీసుకుపోయాడు చెన్నప్ప. దారిలో ఒక్కటే మాట అన్నాడు: "టైరు లోపక్క చీలికుండాది. సూసినా. చెప్పలేదు. పోయి వానికే చెప్పేస్తా."

మంచం దగ్గర చెన్నప్ప నోరు తెరిచేలోగా మునిచంద్ర అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు సుట్టూ తిరిగి సూసి ఏం అనలేదు గదన్నా. నువ్వే అనలేదంటే బండి బాగుండాదనుకుంటి. ఆ ధైర్యంతోనే పొయినా."

చెన్నప్ప చెప్పలేకపోయాడు. అదే బస్సులో తిరిగొచ్చాం.

ఇప్పుడు ఏ మూతున్నా సరే, వచ్చిన ప్రతి బండి టైర్లూ కొడుతున్నాడు. "పోప్పా" అని మాత్రం అనడం లేదు. డ్రైవర్లు ఆ మాట కోసం కాసేపు నిలబడి, వాళ్లంతట వాళ్లే పోతున్నారు.