మూత మీది పసుపు

గులాం మెకానిక్ సరిగా రిపేరు చేయక ఒక ఆడమనిషి ప్రాణం పోయిందని బోధన్‌లో ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. అలా చెప్పుకునేవాళ్లలో సగం మంది గులాంను చూసి ఎరగరు. నేను చూశాను. సైకిళ్లు అద్దెకిచ్చే మా సైకిల్ టాక్సీ దుకాణమూ అతని షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. జరిగిందంతా నాకు తెలుసు గనుక, నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గులాం తప్పు చేయలేదని నేను అనను. చేశాడు. కానీ జనం అనుకునే తప్పు వేరు, అతను చేసిన తప్పు వేరు. ఆ తర్వాత అతను షెడ్డు ఎత్తేసి, భార్య ఖైరున్నిసాను తీసుకుని నిజామాబాద్ వెళ్లిపోయాడు. అక్కడ మోటారు సైకిలు ముట్టలేదు. పొలాల ఆయిల్ ఇంజన్లు బాగు చేసుకుంటూ బతికి, అక్కడే పోయాడు.

పొట్టి మనిషి, కోపిష్టి. ఇంజనులో నూనె మార్చకుండా బండి తిప్పేవాణ్ణి చూస్తే గొడ్డుకు గడ్డి వేయనివాణ్ణి చూసినట్టు తిట్టేవాడు. తిట్లు తిని కూడా అందరూ అతని దగ్గరికే వచ్చేవాళ్లు. పంతొమ్మిది వందల అరవై దాటిన ఆ కొత్తలో మా ఊళ్లో మోటారు సైకిళ్లే తక్కువ. షుగర్ ఫ్యాక్టరీ ఆఫీసర్లకు కొన్ని, కాంట్రాక్టర్లకు కొన్ని, చెరుకు బాగా పండిన ఏడాది ఆశపడి పాతవి కొనుక్కున్న రైతులకు కొన్ని ఉండేవి. అవన్నీ ఏదో ఒక రోజు గులాం షెడ్డు ముందు నిలబడవలసిందే.

అతనికి ఒక పట్టింపు ఉండేది. దసరా వెళ్లాక వచ్చే బండ్లకు పసుపు కుంకుమలు ఉంటాయి గదా, వాటిని ముట్టేవాడు కాదు. ఎంత మసి పట్టిన బండినైనా మిలమిల మెరిసేట్టు తుడిచి, బొట్టు ఉన్న చోటు మాత్రం అలాగే వదిలేసేవాడు. దాని వెనక ఒక కథ ఉంది. పోలీసు యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయిన కొత్తలో అతను నిజామాబాద్‌లో అబ్దుల్ రహీం అనే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. దసరా మరునాడు ఒక వ్యాపారి లారీ వస్తే, దాని ముందు భాగాన ఉన్న కుంకుమను అలవాటు కొద్దీ నూనె గుడ్డతో తుడిచేశాడు. వ్యాపారి మనుషులు చుట్టుముట్టారు. రోజులు మంచివి కావు. ఉస్తాద్ పరుగున వచ్చి, వాళ్ల చేయి లేవకముందే గులాం చెంప పగలగొట్టి, వాళ్ల కాళ్లు పట్టుకోమన్నాడు. వాళ్లు వెళ్లిపోయాక, వాచిన చెంపకు తానే తడి గుడ్డ అద్దుతూ చెప్పాడట.

"నేను కొట్టకుంటె వాళ్లు కొట్టేటోళ్లు రా. వాళ్లు కొడితె నువ్వు లేస్తుంటివా? పూజ చేసిన తాన ఎప్పుడు చెయ్యి పెట్టకు."

అది మొదట భయమే. పోను పోను అదే అతనికి మర్యాద అయింది. బొట్టు చెరగకుండా బండి కడిగి ఇచ్చినందుకు రైతులు సంతోషిస్తే, తన పనితనం మెచ్చుకున్నదానికంటే ఎక్కువ మురిసిపోయేవాడు.

చందూర్ భూమన్నది చెరుకూ పసుపూ వేసే వ్యవసాయం. ఎక్కడో మిలిటరీ వేలంలో అమ్మిన పాత మోటారు సైకిలు, చేతులు మారి మారి చివరికి అతనికి దొరికింది. ఊరంతా దాన్ని ఫట్‌ఫటి అనేది. భార్య గంగమణిని వెనక కూర్చోబెట్టుకుని అతను బోధన్ సంతకు వస్తుంటే చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్లు, కుళ్లుకునేవాళ్లు. గంగమణి దేన్నీ లెక్కచేసే రకం కాదు. బండి కొన్నాక వచ్చిన మొదటి దసరాకు దానికి పసుపు కుంకుమలు పెట్టింది ఆమే. ట్యాంకు మూత గుండ్రంగా నుదురులా ఉందని, దాని నిండా దట్టంగా మెత్తింది. పండగ వెళ్లాక ఒక సంత రోజు షెడ్డు ముందు దిగి, గొప్పగా చూపించింది.

"గులామన్నా, సూసినవా నా బొట్టు? ఇన్ని దినాలైనా జర్ర గూడ రాలలే. ఉత్త నీళ్లల్ల కలిపితె గాలికి కొట్టుకపోతది. అందుకె బెల్లం పాకంల కలిపిన. పసుపు మాదే, బెల్లం మాదే."

"మంచిగున్నది చెల్లె," అన్నాడు గులాం.

"నూనె గుడ్డ పెట్టి తుడిచేవు మల్ల!"

"తుడిస్తె నా చెయ్యి ఇరిగిపోని," అని నవ్వాడు. నేను గోడ ఇవతల ట్యూబుకు పంక్చరు వేస్తూ ఆ మాటలన్నీ విన్నాను. ఎంత మామూలు మాటలో చూడండి.

ఆ రోజు వాళ్లు వచ్చింది బొట్టు చూపించడానికి కాదు. బండి తంటాలు పెడుతోంది.

"గులాం భాయ్, ఊరు దాటేదాక మంచిగనె ఉంటది," అన్నాడు భూమన్న. "సగం తొవ్వకు వచ్చేసరికి దమ్ము పడిపోతది. రేసు ఇస్తె ఎత్తుకోదు. కొట్టుకుంట కొట్టుకుంట బంద్ అయితది."

"మల్ల ఎట్ల షురువైతది?"

"పెట్రోలు అయిపోయిందా అని మూత తీసి సూస్త. ఉంటది. మూత పెట్టి కిక్కు కొడితె షురువైతది."

రోగం పేరు ఆ మాటలోనే ఉంది. అంత పనివాడి చెవికి ఎందుకు సోకలేదో నాకు ఈనాటికీ తెలియదు. గులాం ప్లగ్గు తీసి మసి గీకాడు, పాయింట్లు సాఫు చేశాడు, ఫ్యాక్టరీ గేటు దాకా తోలి చూశాడు. బండి గుర్రంలా పరుగెత్తింది. మళ్లీ సంతకు భూమన్న అదే ఫిర్యాదుతో వచ్చాడు. ఈసారి కార్బొరేటర్ విప్పితే అడుగున సన్నటి ఇసుక కనిపించింది. దొంగ దొరికాడన్నట్టు గులాం మొహం విప్పారింది.

"ఇగో, ఇది! నువ్వు తొవ్వల ఊకె మూత తీస్తున్నవ్ గద, దుమ్ము పడుతున్నది. ట్యాంకు నిండ పోయించుకో. ఇగ మూత ముట్టకు."

రెండు సార్లూ అతను ఆ మూతను తీశాడు. అంచులు మాత్రమే పట్టుకుని, బొట్టుకు వేలు తగలకుండా తిప్పి, శుభ్రమైన గుడ్డ పరిచి, పసుపు పైకి ఉండేట్టు దాని మీద పెట్టాడు. పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. పని అయ్యాక అంతే జాగ్రత్తగా మళ్లీ బిగించాడు.

చెరుకు నరుకుడు మొదలైంది. ఫ్యాక్టరీ దారి పొడుగునా బండ్లు బారులు తీరి ఉండేవి. ఒక మధ్యాహ్నం గడల మధ్య ఎండుటాకులు లాగుతున్న గంగమణి కాలికి పాము కరిచింది. భూమన్న ఆలోచించలేదు. ఫట్‌ఫటి ఉంది, ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, బోధన్‌లో సర్కారు దవాఖానా ఉంది. ఆమెను తన వెనక కూర్చోబెట్టుకున్నాడు. ఆమె పడిపోకుండా అతని తమ్ముడు రామ్‌దాస్ వెనక నుంచి పట్టుకున్నాడు. దారిలో ఏం జరిగిందో రామ్‌దాసే నాకు తర్వాత చెప్పాడు.

ఊరు దాటేదాకా బండి బాగానే ఉంది. వర్ని రోడ్డు మీద, అటు ఊరూ ఇటు ఊరూ దగ్గర కాని చోట దమ్ము పడిపోయింది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగింది. భూమన్న కిక్కు కొట్టాడు. ప్లగ్గు విప్పి, ధోవతి అంచుతో తుడిచి, మళ్లీ బిగించి కొట్టాడు. కాసేపటికి ఒకసారి అంటుకుంది, కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. గంగమణికి రెప్పలు వాలిపోతున్నాయి. అయినా మొగుడి కంగారు చూసి ఆమే ధైర్యం చెప్పిందట.

"గులామన్న బాగ చేసిండు గద. ఎత్తుకుంటది తీయ్. మల్లొకసారి కొట్టు."

కొట్టాడు. మడమ చీరుకుపోయి రక్తం కారేదాకా కొట్టాడు. మూత మాత్రం ముట్టలేదు. ట్యాంకు నిండుగా ఉందని అతనికి తెలుసు. ముట్టవద్దని గులాం చెప్పాడు. అంతకు ముందు ప్రతిసారీ చేసిన ఆ ఒక్క పనీ ఆ రోజు చేయలేదు.

చివరికి ఫ్యాక్టరీకి పోతున్న ఒక చెరుకు బండివాడు తన చెరుకంతా రోడ్డు మీద పారబోసి ఆమెను ఎక్కించుకున్నాడు. ఎడ్లు పరుగెత్తాయి. దవాఖానా గేటు దగ్గర దించేసరికి గంగమణి లేదు.

దినాలు అయ్యాక అన్నదమ్ములిద్దరూ ఎడ్ల బండి మీద ఫట్‌ఫటిని తెచ్చి షెడ్డు ముందు దించారు. భూమన్న గడ్డం పెరిగి, గుర్తుపట్టరానట్టు ఉన్నాడు. కొడతాడేమోనని నేను దుకాణం దిగి వచ్చాను. కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"బాగ చెయ్యమని తేలే. ఎందుకాగిందో చెప్పు. రేపు వస్త. గది ఒక్కటి చెప్పు నాకు."

గులాం ఆ రోజు మరో పని ముట్టలేదు. అన్నీ విప్పి చూశాడు, ఎక్కడా ఏ తప్పూ లేదు. అప్పుడు ట్యాంకు నిండా పెట్రోలు పోయించి నన్ను పిలిచాడు.

"రాజం, ఎనక కూసో. ఈసారి సీదా చందూర్ దాక పోదాం."

ఆ పని మొదటే చేసి ఉంటే! ఫ్యాక్టరీ గేటు దాకా తోలి బాగైందనుకోవడం ఏం పరీక్ష? దారి పొడుగునా నేను లోలోపల తిట్టుకుంటూనే కూర్చున్నాను. వర్ని రోడ్డు మీద, సరిగ్గా భూమన్న చెప్పినట్టే, బండి దమ్ము పడిపోయి ఆగింది. గులాం కిక్కు కొట్టలేదు. దిగలేదు. కాసేపు అలాగే ట్యాంకు వంక చూస్తూ కూర్చుని, మూత మీద చేయి వేసి తిప్పాడు.

స్స్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు నాకూ వినిపించింది.

నూనె డబ్బాకు ఒకటే బెజ్జం పెట్టి వంచితే నూనె ఆగి ఆగి వస్తుంది. రెండో బెజ్జం పెడితేనే ధార పడుతుంది. ఇదీ అంతే. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి ట్యాంకులోకి గాలి రావాలి. దాని కోసం మూత నడుమ సూది మొనంత బెజ్జం ఉంటుంది. గంగమణి మెత్తిన పసుపు, బెల్లం పాకంతో రాయిలా గట్టిపడి, ఆ బెజ్జాన్ని మూసేసింది. మూత తీసినప్పుడల్లా గాలి ఆడేది, బండి నడిచేది. నిండు ట్యాంకులో లోపల గాలి తక్కువ కాబట్టి ఇంకా తొందరగా ఆగేది.

గులాం ఆ మూతను అరచేతిలో పెట్టుకుని రోడ్డు పక్క కాలువ మోరీ గట్టు మీద కూలబడ్డాడు.

"సూసిన రాజం. రెండు సార్లు నా చేతుల్ల పట్టుకుని సూసిన. ఇడిసిపెట్టిన."

"నీ పనిల తప్పు లేదని రేపు భూమన్నకు చెప్పు," అన్నాను. "పసుపు అడ్డం పడ్డదని చెప్పు. అయిపాయె."

"ఆ పసుపు ఎవలు పెట్టిండ్రు?"

అతను అరచేతిలోని మూతను నా వైపు చాపాడు.

"పెండ్లాం పెట్టిన బొట్టె పెండ్లాన్ని తిన్నదని తెలిస్తె ఆడు ఎట్ల బతుకుతడు? నన్ను తిట్టుకుంట బతకనీ. మూత ముట్టకు అన్నది నేను గాదా? నాదే తప్పు. ఆమెది గాదు."

"రేపటి సంది ఒక్క బండి రాదు నీ తానకు. తెలుస్తున్నదా?"

"రాకపోనీ."

నాకు పిచ్చి కోపం వచ్చింది. అతన్ని నిజంగానే కొట్టాలనిపించింది. అతను లేచి, ఒక సన్నటి తీగతో బెజ్జం పొడిచాడు. పెచ్చులు ఊడి మళ్లీ బెజ్జంలోనే పడుతున్నాయి. బెల్లం పెట్రోలుకు కరగదు. కాలువలోకి దిగి, మూతను నీళ్లలో నానబెట్టి, బొటనవేలితో రుద్దాడు. పచ్చటి నీళ్లు అతని మణికట్టు మీదుగా కారాయి. తన జీవితంలో ఏ బండి మీద బొట్టునూ తుడవనివాడు ఆ రోజు దాన్ని ఆనవాలు లేకుండా కడిగాడు, ఏడుస్తూ కడిగాడు. తిరుగు దారిలో బండి ఎక్కడా ఆగలేదు.

మరునాడు భూమన్న వచ్చాడు.

"దొరికిందా?"

"కార్బొరేటర్ల ఇసుక మిగిలింది," అన్నాడు గులాం. కళ్లు ఎత్తలేదు. "నేను సరిగ కడగలే. నాదే తప్పు భూమన్నా."

ఒక మనిషిని తిట్టడానికి కూడా ఓపిక కావాలి, భూమన్నలో అది లేదు. పోదామని తిరిగి, ఒకసారి బండి మీద చేయి వేశాడు. ఆ చేయి ట్యాంకు మూత దగ్గర ఆగిపోయింది.

"పసుపేది?"

గులాం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"గులాం భాయ్, దీని మీది పసుపేది? ఆమె ఏలి గుర్తులుండె దీని మీద. నాలుగు వేళ్లు ఆనినట్టు ఉండె. ఇంట్ల ఆమె చెయ్యి గుర్తు ఇంకోటి లేదు నాకు." ఇప్పుడు అతని గొంతు లేచింది, వీధిలో పోయేవాళ్లు ఆగారు. "మనిషిని తింటివి. గా గుర్తు గూడ తుడిస్తివా? బొట్టు ముట్టను ముట్టను అంటివి గద! ఆమెకు మాటిస్తివి గద!"

నేను నోరు తెరిచాను. గులాం నా వైపు చూశాడు. ఆ చూపులో ఎంత వేడుకోలు ఉందంటే, నా నోరు దానంతట అదే మూసుకుంది. అతను భూమన్నకు రెండు చేతులూ జోడించాడు. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు, అది భూమన్న కూడా చూశాడు. చూసి, కాండ్రించి అతని ముందు ఉమ్మేశాడు.

తర్వాత మూత తిప్పి తీసుకుని, దాని మర చుట్ల సందుల్లో కొంచెమైనా పసుపు మిగిలిందేమోనని గోటితో వెతుక్కుంటూ, బండిని అక్కడే వదిలి, బస్సు అడ్డా వైపు నడిచి వెళ్లిపోయాడు. జనం గులాంను చూస్తూ నిలబడ్డారు. నోరు తెరుచుకున్న ట్యాంకులో దుమ్ము పడుతుందని గులాం ఒక శుభ్రమైన గుడ్డ తెచ్చి దాని మీద కప్పాడు. ఆ బండి కోసం మళ్లీ ఎవరూ రాలేదు.