జెడ్‌తో మొదలుపెట్టిన మా వీరేశం సారు

మా ఇంగ్లీషు గురువు వీరేశం సారు ఇక లేరన్న వార్తను మెట్‌పల్లి నుంచి వచ్చిన మిత్రుడొకరు మంథనిలో నేను పాఠాలు చెప్పే బడి వరండాలో నిలబడి చెప్పారు. నేను సుద్దముక్క పట్టుకుని ఆరో తరగతిలోకి పోబోతున్నాను. మొన్ననే చూసి వచ్చిన మనిషి. ఎక్కువ రోజులు ఉండరని తెలిసి కూడా మనసు ఒప్పుకోలేదు.

సారు మెట్‌పల్లిలో నేతవారి ఇంట పుట్టారు. నైజాం కాలంలో ఉర్దూలో చదివి, ఉర్దూలోనే చరిత్ర బోధించినవారు. అక్కడి బడిలో మేం చేరేనాటికి వెలిసిపోయిన షేర్వాణీ తొడుక్కుని ఇంగ్లీషు చెబుతున్నారు. లోకమంతా ఏ నుంచి మొదలుపెడితే ఆయన జెడ్ నుంచి మొదలుపెట్టేవారు. మొదటి రోజే చివరి బెంచీవాళ్లను ముందుకు పిలిచారు.

“గొంతు మీద చెయ్యి పెట్టుండ్రి. స్స్ అనుండ్రి. ఏమన్న తెలిసిందా? ఇప్పుడు నాలుక పండ్లకు తాకనియ్యకుంట జ్జ్ అనుండ్రి.”

వేళ్ల కింద గొంతు జుమ్మంది. “గదే జెడ్” అన్నారు.

మేం బెదిరితే నవ్వేవారు. “కొత్తదేం గాదు. రోజూ జర ఆగు అంటరు, బజారుకు పోతరు. గా పలుకు మీ నోట్లెనే ఉన్నది. ఉర్దూల దానికి నాలుగు అక్షరాలు. మన తెలుగుల దానికంటూ ఒక్కటి లేదు. అయినా పలుకుతున్నం గదా, ఫికర్ ఎందుకు?”

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఇంగ్లీషు అక్షరాలు చెప్పమంటే తరగతంతా ఒక్క గొంతుతో “జెడ్, వై, ఎక్స్” అని అందుకుంది. అధికారి తెల్లబోయారు. హెడ్‌మాస్టరుకు చెమటలు పట్టాయి. సారు మాత్రం చేతులు కట్టుకుని, “ఏ దాకా పోతరు సార్, జర ఆగుండ్రి” అన్నారు. మేం ఏ దాకా పోయాం. అధికారి నవ్వు ఆపుకోలేక కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

ఆ అక్షర చరిత్ర ఆయన నోట వినవలసిందే. “పాతకాలపు గ్రీకుల దగ్గర అది ఏడో అక్షరం. రోమువాళ్లు దీనితోని మాకేం పనని తీసేసిండ్రు. దాని జాగల జీ వచ్చి కూసున్నది. తర్వాత గ్రీకు మాటలు కావాల్సొచ్చి మల్ల పిలిచిండ్రు. పాత జాగ ఖాళీ లేదు. ఆఖరికి కూసోమన్నరు. కూసున్నది.”

“అలగలేదా సార్?” అని అడిగాం.

“ఎందుకు అలుగుతది? పిలిచిండ్రు గదా.”

నాకు మాస్టరు ఉద్యోగం వచ్చి ఆశీర్వాదానికి పోయిన రోజున, సారు భార్య సత్తమ్మగారు అసలు సంగతి చెప్పారు. “గది మీ సారు సొంత కతనే బిడ్డా. బడులు ఉర్దూ నుంచి తెలుగుకు మారినంక నీతోని పనిలేదన్నరు. ఇంట్ల మగ్గం మీద కూసున్నడు. మల్ల పిలిచి ఇంగ్లీషు చెప్పమన్నరు గని, పాత నౌకరి లెక్కల పట్టలే. తన దగ్గర సదువుకున్నోళ్ల కిందనే పనిచేసిండు.” నాకు ఒళ్లు మండింది. పక్క గదిలోంచి సారు ఆ మాట తుంచుతూ, “సత్తమ్మా, పిల్లగానికి చాయ పొయ్యి” అన్నారు. ఆయనకు వచ్చిన కోపం అంతమాత్రమే. నేను చూసిన పెద్దమనుషుల్లో అంత తేట మనసు మరొకరికి లేదు.

గొంతులో పుండు పుట్టిందని తెలిసి చివరిసారి వెళ్లాను. “మాట్లాడితే గాలే వస్తది బిడ్డా” అని సత్తమ్మగారు కన్నీళ్లు తుడుచుకున్నారు. సారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. ఊపిరితోనే అన్నారు: “జెడ్ పలుకుతలేదురా. ఎంత అన్నా ఎస్సే వస్తున్నది.” ఇన్నేళ్లు ఇన్ని గొంతుల్లో ఆ పలుకును నిలిపిన మనిషికి అది తన గొంతులోనే లేకుండా పోయింది. ఆయన కళ్లలో నేను మొదటిసారి దిగులు చూశాను. ఆయన చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకుని, ఊపిరి ఉన్నంతసేపు జ్జ్ అన్నాను. ఎముకలు తేలిన ఆ వేళ్లు కొంచెం కదిలాయి. సారు ముఖం విచ్చుకుంది. “ఉన్నది” అన్నారు. అదే ఆయన నాతో అన్న చివరి మాట.

వార్త విన్న ఆ పూట నేను తరగతి మానలేదు. మానితే సారు మెచ్చరు. అలాంటి గురువు మళ్లీ దొరకరని, ఆ కొరత మాకు తీరదని తెలుసు. చివరి బెంచీవాళ్లను ముందుకు పిలిచాను. అందరినీ గొంతుల మీద చేతులు పెట్టుకోమన్నాను. గదంతా జుమ్మంది. ఆయనకు నేను పెట్టగలిగిన దండం అదొక్కటే.

“సార్, మీరు అంటలేరేంది?” అని ఒక అమ్మాయి అడిగింది.

నేనూ గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాను. గొంతు పూడుకుపోయి పలకలేదు. పిల్లలనే ఇంకోసారి అనమన్నాను.