రాళ్లు పెట్టి ముంచిన పడవ

ఇయ్యాల రోడ్డు మీద డాంబరు వాసన రాంగనే బాపు కొన్న పాత తెరచాప పడవ యాదికొచ్చింది. ఎండకాలం చెరువుల తిరుగుదామని, విలాయతికి తిరిగిపోతున్న తెల్లదొర దగ్గర కొన్నడు. పురానాపూల్ ఇంటి ముందర పడవ చెక్కల సందులకు డాంబరు పూసి, మీరాలం చెరువుకు తీస్కపోయిండు. అక్కడ దాన్నిండ రాళ్లు పెట్టి ముంచిండు.

"ఎందుకు ముంచినవ్ బాపూ?" అని ఏడ్చిన.

"ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బాలె బిడ్డా. అప్పుడే సందులు మూసుకుంటయట."

నేను నమ్మలే. అమ్మ మూడు రోజులు బాపుతోని మాట్లాడలే.

నాలుగో రోజు రాళ్లు తీసి, నీళ్లు తోడి, తెరచాప కట్టి నన్ను ఎక్కించుకున్నడు. నడి చెరువు దాంక ఇద్దరం పడవ అడుగునే చూసినం. చుక్క నీరు రాలే. నా భుజం మీద బాపు చెయ్యి మాత్రం వణుకుతనే ఉంది. నీళ్లు సల్లగుండి వణుకుతున్నడనుకున్న.

ఎండకాలం చెరువు నీళ్లు గోరువెచ్చగుంటయి.